కొరియా: ఆ ఎనిమిదో ఓటు ఎక్కడ ఆగిపోయింది?

2024 డిసెంబర్ 14 సాయంత్రం 4 గంటలకు, సియోల్‌లో అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మీద రెండో అభిశంసన తీర్మానం ఓటింగ్‌కు వచ్చింది. 3వ తేదీ రాత్రి ఆయన మార్షల్ లా పెట్టడం, తెల్లారేసరికి ఎత్తేయడం అందరికీ తెలిసిందే, అదంతా మళ్ళీ చెప్పను. లెక్క మాత్రం గుర్తుంచుకోండి. సభలో 300 మంది, తీర్మానం నెగ్గాలంటే 200 ఓట్లు, ప్రతిపక్షం దగ్గర ఉన్నవి 192. అంటే యూన్ సొంత పార్టీ పీపుల్ పవర్ పార్టీ (పీపీపీ)లోని 108 మందిలో ఎనిమిది మంది కదలాలి. 12వ తేదీకి బయటపడి 'అభిశంసనకే ఓటు' అన్నవాళ్ళు ఏడుగురు.

విచిత్రం ఏంటంటే, సైనికులు కిటికీలు పగలగొట్టి అసెంబ్లీలోకి చొరబడిన ఆ రాత్రి ఇదే పార్టీ సభ్యులు 18 మంది లోపలే ఉండి మార్షల్ లా ఎత్తేయాలని ఓటేశారు. తుపాకులకు వెరవనివాళ్ళు నాలుగు రోజులు తిరక్కుండానే, 7వ తేదీన మొదటి అభిశంసన ఓటు వేళ, సభలోంచి లేచి వెళ్ళిపోయారు. మరి వీళ్ళు దేనికి భయపడ్డట్టు?

మన పాఠకులకు ముందుగా వచ్చే అనుమానం విప్ గురించే. కొరియాలో మన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) లాంటిది లేదు. పార్టీ మాట కాదని ఓటేస్తే సీటు పోదు, పైగా సభ్యులు మనస్సాక్షి ప్రకారమే ఓటేయాలని అక్కడి చట్టమే చెబుతోంది. (మన దగ్గర చట్టం ఉండి కూడా ఫిరాయింపు పిటిషన్లు స్పీకర్ టేబుల్ మీద ఏళ్ళ తరబడి మూలుగుతుంటాయి, అది వేరే కథ.) కాబట్టి అసలు భయం సీటు గురించి కాదు, టికెట్ గురించి, అంతకన్నా ఎక్కువగా 'ద్రోహి' అనే ముద్ర గురించి. అది అర్థం కావాలంటే 2017 మే 2 దగ్గరికి వెళ్ళాలి.

దానికి ముందు జరిగింది క్లుప్తంగా. 2016 డిసెంబర్ 9న అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్ హే అభిశంసనకు 234 ఓట్లు పడ్డాయి. ప్రతిపక్షం, స్వతంత్రులు కలిసినా 172 మందే, అంటే ఆమె సొంత సేనురి పార్టీ (పీపీపీకి పూర్వ రూపం)లోంచే కనీసం 62 మంది ఆమెకు వ్యతిరేకంగా వేశారు. ఆ నెలాఖరులో 29 మంది పార్టీ వదిలేసి, జనవరిలో కొత్తగా బరున్ పార్టీ పెట్టుకున్నారు. మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది జడ్జిల ఏకాభిప్రాయంతో పార్క్‌ను తొలగించింది. వీళ్ళు చేసింది తప్పు కాదని కోర్టే తేల్చినట్టయింది.

ఓటర్లు మాత్రం కరుణించలేదు. బరున్ అధ్యక్ష అభ్యర్థి యూ సోంగ్ మిన్ ఒకప్పుడు పార్క్‌కు ఆంతరంగికుడు. 2015లో పార్టీ ఫ్లోర్ లీడర్‌గా (సభాపక్ష నేతగా) ఉండి ఆమెకు ఎదురు తిరిగితే, ఆమె కేబినెట్ మీటింగ్‌లోనే 'ద్రోహ రాజకీయాలు' అని దుమ్మెత్తి పోసింది. పదవి వదులుకున్నాడు, టికెట్ దక్కక స్వతంత్రుడిగా నిలబడి గెలిచాడు. అలాంటి మనిషికి అధ్యక్ష ఎన్నికల్లో 7 శాతం ఓట్లు కూడా రాలేదు. పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు, ఆ మే 2న, సొంత అభ్యర్థిని నడిరోడ్డు మీద వదిలేసి 13 మంది పాత గూటికి వెళ్ళిపోతున్నామని ప్రకటించారు. వెళ్ళినవాళ్ళకు మళ్ళీ పదవులొచ్చాయి. నిలబడిన యూ సోంగ్ మిన్‌ను ఆ ముద్ర ఆ తర్వాత కూడా వదల్లేదు. 2024 నాటి పీపీపీ ఎంపీలు పాఠం నేర్చుకున్నది పార్క్ పతనం నుంచి కాదు, ఈ రెండు రకాలవాళ్ళ గతుల మధ్య తేడా నుంచి.

అలా తిరిగి వెళ్ళినవాళ్ళలో ఒకడు క్వాన్ సోంగ్ డాంగ్. పార్క్ విచారణలో అసెంబ్లీ తరఫున ఆమెకు వ్యతిరేకంగా వాదించిన బృందానికి పెద్ద ఆయనే. 2024 డిసెంబర్ 12న పీపీపీ ఫ్లోర్ లీడర్‌గా గెలిచిందీ ఆయనే, అభిశంసన వద్దన్నదే పార్టీ లైన్ అన్నదీ ఆయనే! పార్క్ కేసును తవ్విన స్పెషల్ ప్రాసిక్యూటర్ బృందంలో యూన్ ఉన్నాడు, 2024 డిసెంబర్‌లో పీపీపీ అధినేతగా ఉన్న హాన్ డాంగ్ హూన్ కూడా ఉన్నాడు. ఈ హాన్ 5న అభిశంసన ఆపుతానన్నాడు, 6న యూన్ అధికారాలు వెంటనే నిలిపేయాలన్నాడు, తర్వాత 'క్రమపద్ధతిలో నిష్క్రమణ' అన్నాడు, 12న మళ్ళీ అభిశంసన తప్ప దారి లేదన్నాడు.

పార్టీ పెద్దల వాదన కూడా ఒకటుండేది. ఇప్పుడు ఎన్నికలొస్తే అధికారం ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీ నేత లీ జే మ్యుంగ్ చేతికి పోతుంది, ఆయనకు ఎన్నికల చట్టం కేసులో నవంబర్‌లోనే శిక్ష పడింది, అప్పీలు తేలేదాకా ఆగితే చాలు, అని. ఫిబ్రవరిలోనో మార్చిలోనో యూన్ రాజీనామా అన్న ప్లాన్ అందుకే. 12వ తేదీ ప్రసంగంలో, అభిశంసించినా దర్యాప్తు చేసినా ఎదుర్కొంటానని చెప్పి యూనే దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

7వ తేదీ సాయంత్రం జరిగింది ఈ వెలుగులో చూడాలి. అభిశంసన ఓటు రహస్య బ్యాలెట్. 2016లో ఆ 62 మందిని కాపాడింది ఆ తెరే. ఈసారి పార్టీ మొత్తాన్ని బయటికి నడిపించేసరికి తెర కాస్తా పోయింది, ఎందుకంటే లోపల కూర్చున్న ప్రతివాడూ టీవీలో కనిపిస్తాడు. పార్టీ వరుసల్లో ఆన్ చోల్ సూ ఒక్కడే మిగిలాడు. కాసేపటికి చూపులేని ఎంపీ కిమ్ యే జీ తిరిగొచ్చి ఓటేసింది, తర్వాత కిమ్ సాంగ్ వూక్ వచ్చి అభిశంసనకు వ్యతిరేకంగానే వేశానని చెప్పాడు. డెమోక్రటిక్ ఫ్లోర్ లీడర్ పార్క్ చాన్ డే వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే సభ మొత్తం ఆ పేర్లతో పిలిచింది. స్పీకర్ రాత్రి 9 దాటేదాకా తలుపులు తెరిచే ఉంచాడు. పడినవి 195, డబ్బాలు విప్పే అవసరమే రాలేదు.

ఆ తర్వాత వారమంతా పీపీపీ ఎంపీల ఆఫీసుల ముందు సంతాప పూలచక్రాలు పేరుకుపోయాయి. ఇక లోపల ఉంటే ఒక రకం టెన్షన్, బయట ఉంటే ఇంకో రకం. అందుకే 14న అసలు నిర్ణయం జరగాల్సింది సాయంత్రం 4 గంటలకు కాదు, పొద్దున పీపీపీ సభ్యుల సమావేశంలో. పార్టీ లైన్ 'వ్యతిరేకం' అనే ఉన్నా సరే, సభలోకి వెళ్ళి ఓటేయొచ్చు అంటే చాలు, ఎనిమిదో మనిషి ఎవరో ఎవరికీ తెలియాల్సిన పనే ఉండదు.