రోగం పేరు తెలుసు, వచ్చిన దారే తెలియదు: డెల్టా ఫోరెన్సిక్ కేంద్రం వెనుక కథ

గోదావరి డెల్టాలో సూక్ష్మజీవి ఫోరెన్సిక్స్‌కు, అంటే రోగకారకం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చే శాస్త్రానికి, ఒక ఉమ్మడి పరిశోధన కేంద్రం కావాలన్న మాట మళ్లీ లేచింది. కారణం పాతదే. చెరువులో రొయ్య చస్తుంది. రైతు రొయ్య పిల్లను అమ్మిన హ్యాచరీ వైపు వేలు చూపిస్తాడు, హ్యాచరీ చెరువు వైపు చూపిస్తుంది, మేత అరువిచ్చిన డీలరు బాకీ పుస్తకం తీస్తాడు. కేంద్రం భీమవరంలో పెట్టాలా కాకినాడలో పెట్టాలా అన్న పట్టుదలలు ఎలాగూ ఉంటాయి. ఈసారి పేచీ అంతకంటే లోతుగా ఉంది. ఖర్చులో వాటా ఇస్తామంటున్న హ్యాచరీలకు పాలకమండలిలో చోటివ్వాలా? నమూనా ఎవరు తీయాలి? ఎవరి దగ్గర ఉంచాలి?

టైగర్ రొయ్యల జోరు, 1994–95లో తెల్లమచ్చ వైరస్ కొట్టిన దెబ్బ, 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు, 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం డెల్టా వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇప్పటి తగువుకు మూలం 2009లో ఉంది.

అంతవరకు హ్యాచరీకి తల్లి రొయ్య సముద్రం నుంచి వచ్చేది. బోటువాళ్లు పట్టి తెచ్చిన తల్లి ఏ రోగం మోసుకొచ్చిందో ఎవరికీ తెలియదు. పంట పోతే కర్మ అనుకునేవారు. సముద్రం మీద కేసు వేసేవాడెవడు? 2009లో వనామీ రకం రొయ్య పెంపకానికి అనుమతి రావడంతో ఈ పద్ధతి తలకిందులైంది. వనామీ మన తీరపు జాతి కాదు. తల్లులు విదేశీ బ్రీడింగ్ కంపెనీల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాక అనుమతి ఉన్న హ్యాచరీకి వెళతాయి. అక్కడ పుట్టిన పిల్ల ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో రాత్రి ప్రయాణం చేసి తెల్లారేసరికి చెరువు గట్టుకు చేరుతుంది. ప్రతి మజిలీకీ ఒక కాగితం ఉంటుంది. పిల్ల పుట్టుకకు చిరునామా దొరికింది కాబట్టి రోగానికీ చిరునామా అడగవచ్చని రైతుకు తోచింది. అడగడం మొదలుపెట్టాడు. జవాబు చెప్పే చోటు మాత్రం ఇంతవరకు లేదు.

భీమవరంలో రోగకారకం జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షల ల్యాబులకు కొదవ లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. పీసీఆర్ చేసేపని రోగకారకం ఉందా లేదా చెప్పడం. ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పలేదు. ఆ ‘లేదు’ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ట్యాంకులో పిల్లలు లక్షల్లో ఉంటాయి. నూటికి రెండింటికి రోగం ఉందనుకుంటే, 95 శాతం భరోసాతో దాన్ని పట్టుకోవడానికి కనీసం 150 పిల్లలను పరీక్షించాలి. ఆ 150 తీసేది చాలాసార్లు అమ్మేవాడి మనిషే. రైతు చేతికి వచ్చేది రిపోర్టు కాగితం ఒక్కటే. కాగితం మీది పిల్లలూ సంచిలోని పిల్లలూ ఒకే ట్యాంకువని రుజువు చేసేది ఏదీ అతని దగ్గర ఉండదు.

ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వచ్చాక చిక్కు మరింత బిగిసింది. తెల్లమచ్చ కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ చేస్తుంది కాబట్టి కనీసం కంటికి కనిపిస్తుంది. ఈహెచ్‌పీ చంపడం కంటే పెరగనివ్వకపోవడమే ఎక్కువ. మేత, రొయ్య తీరు చూసే చెక్ ట్రే పైకి లాగితే ఒక రొయ్య చూపుడు వేలంత, పక్కది అగ్గిపుల్లంత ఉంటుంది. వారాల తరబడి మేత పోసి, ఏరియేటర్లకు కరెంటు బిల్లు కట్టాక గానీ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రావడం లేదని తేలదు. అప్పటికి హ్యాచరీలో ట్యాంకు కడిగేసి ఉంటుంది, బ్యాచ్ మారి ఉంటుంది, తల్లులు మారి ఉంటాయి. రైతు ఫిర్యాదు చేసే వేళకు పోల్చి చూడటానికి రెండో నమూనా ప్రపంచంలో ఎక్కడా ఉండదు. తల్లులకు పెట్టే సముద్రపు పాలీకీట్ పురుగుల ద్వారా రోగం రావచ్చని శాస్త్రవేత్తలు హెచ్చరించారు. చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడే అనుమతి లేని హ్యాచరీల గొడవ వేరే ఉంది. ఈ రెండింటిలో ఏదీ గట్టు మీద నిలబడి నిరూపించగలిగేది కాదు.

హ్యాచరీల వాదనలోనూ పస ఉంది. తల్లి రొయ్యకు ఎస్పీఎఫ్ అన్న ముద్ర ఉంటే జాబితాలోని కొన్ని రోగకారకాలు దానిలో లేవని అర్థం. రేపు రోగం రాదన్న హామీ అందులో లేదు. ఈహెచ్‌పీ బీజాలు పాత పంట నుంచి అడుగుమట్టిలో మిగిలిపోతాయి. వాటిని చంపాలంటే చెరువు ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి దున్నాలని నిపుణులు చెబుతారు. ఏడాదికొకసారి కౌలు మారే చెరువులో అంత సున్నం ఎవరు వేస్తారన్నది వేరే విషయం. తెల్లమచ్చ వైరస్ పీతల్లోనూ ఉంటుంది. ఇక డెల్టాలో ఒకరు వదిలిన నీళ్లే డ్రెయిన్ దిగువన ఇంకొకరు తోడుకునే నీళ్లు.

ఈ ముడి విప్పే పద్ధతి లేకపోలేదు. తెల్లమచ్చ వైరస్ జన్యుపదార్థం దాదాపు 3 లక్షల అక్షరాల పొడవుంటుంది. అందులో కొన్ని చోట్ల ఒకే ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. పిల్లలో, చెరువులో, కాలువ పీతలో ఆ లెక్కలు పోల్చితే రోగం నడిచిన దారి కొంతవరకు దొరుకుతుంది. అయితే ఒకే చెరువులో రెండు మూడు రకాలు కలిసి ఉండవచ్చు. కాబట్టి ఒక్క చెరువు చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఏళ్ల తరబడి డెల్టా అంతటి నుంచి, జబ్బు లేని కాలంలో కూడా నమూనాలు పోగుచేసిన భాండాగారం ఉండాలి. ఈ పని ఏ ప్రైవేటు ల్యాబూ చేయదు. దానికి డబ్బిచ్చే గిరాకీ ఎవరూ ఉండరు.

ఈ శాస్త్రానికి పేరు తెచ్చిన కేసు 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ బ్యాక్టీరియా నింపి పంపిన ఉత్తరాలది. ఐదుగురు చనిపోయారు, 17 మంది జబ్బుపడ్డారు. బ్యాక్టీరియా ‘ఏమ్స్’ (Ames) రకమని త్వరగానే తేలింది. అది ఏ ఫ్లాస్కులోదో చెప్పడానికి ఏళ్లు పట్టింది. మన తగువుకు పనికొచ్చే సంగతి ఆ కేసులో ఒక మూలన ఉంది. తర్వాత అనుమానితుడైన సైనిక పరిశోధనశాల శాస్త్రవేత్త 2002లో ఇచ్చిన తొలి నమూనా పద్ధతి ప్రకారం లేదని ఎఫ్‌బీఐ దాన్ని పారేసింది. దాని రెండో ప్రతి నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీ ల్యాబులో భద్రంగా ఉండబట్టి, అది తర్వాత కీలక ఆధారమైంది. ఇంత చేసినా, సూక్ష్మజీవి ఎక్కడిదో కేవలం శాస్త్రీయ ఆధారాలతో కచ్చితంగా తేల్చలేమని 2011లో అమెరికా జాతీయ పరిశోధన మండలి చెప్పింది. కేంద్రం రాగానే దోషి దొరికేస్తాడని చెప్పేవాళ్లు ఆ మాట గుర్తుంచుకుంటే మంచిది.

‘ఉమ్మడి’ అన్న మాటకు బలమిచ్చినవి రొయ్యలతో సంబంధం లేని రెండు ఘటనలు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎన్నో సంస్థలు వచ్చి నమూనాలు తీసుకెళ్లాయి. ముందు సీసం, నికెల్ అన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చన్నారు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉందన్న నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబు నుంచి రావాల్సి వచ్చింది. అది వలస పక్షులతో వచ్చిందా, గుడ్ల ట్రేలతో, లారీలతో వచ్చిందా అన్నదే కోళ్ల రైతుకు రేపు పనికొచ్చే ప్రశ్న. మత్స్యశాఖ, పశుసంవర్ధక శాఖ, వైద్య కళాశాల, పోలీసు ఫోరెన్సిక్ విభాగం ఒకే ఫ్రీజరు, ఒకే రిజిస్టరు వాడాలన్న ఆలోచన ఇలాంటి అనుభవాల నుంచి పుట్టినదే.

హ్యాచరీలకు పాలకమండలిలో చోటు ఉండాలనేవాళ్లు, వాళ్లు సహకరించకపోతే ట్యాంకు నమూనాలు రావంటున్నారు. నిజమే. కానీ దానికి కుర్చీ ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు. 1966 విత్తన చట్టం కింద వరి విత్తనం నమూనా తీస్తే మూడు భాగాలు చేస్తారు. ఒకటి అమ్మినవాడికి, ఒకటి పరీక్షకు, మూడోది సీలు వేసి కోర్టు కోసం. ఎవరూ ఎవరినీ నమ్మాల్సిన పని లేదు. ఈ లెక్క డెల్టా రైతుకు కొత్త కాదు. రాష్ట్రానికి 2006 నుంచి ఆక్వా విత్తన నాణ్యత నియంత్రణ చట్టమూ ఉంది. పిల్ల దిగే రాత్రి గట్టు మీద మూడు చిన్న సీసాలు, 95 శాతం ఆల్కహాలు, రెండు సంతకాలు చాలు. భవనం కట్టడానికి ఏళ్లు పట్టినా సీసాలు వచ్చే పంటకే మొదలుపెట్టవచ్చు. దీనికి ఒప్పుకుంటారా అన్న ప్రశ్నకు ఇప్పటికి రైతు సంఘాల నుంచే జవాబు వచ్చింది.