బ్రెగ్జిట్ బేరాలు: కస్టమ్స్ కాగితాలు రాసేవాడికి తెలిసిన అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో డోవర్ రేవుకు దగ్గర్లో నేను కస్టమ్స్ క్లియరెన్స్ పని చేస్తాను. లారీలో ఏముంది, అది ఎక్కడ తయారైంది, ఎంత సుంకం పడుతుంది అన్నది సర్కారుకు లెక్క చెప్పడమే మా పని. 2019లో మా బాబాయ్ ప్రతి ఆదివారం ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒక్కటే: "ఏరా, మీవాళ్లు ఇంకా బయటికి రాలేదా?" ఐరోపా దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి రావడం, అదే బ్రెగ్జిట్, గురించి ఆయన అడిగేది. ఇక్కడి జనం కూడా అదే అడిగేవాళ్లు, కాకపోతే ఇంకాస్త ఘాటుగా. విడిపోదామని ఓటేసినవాళ్లు మోసం అన్నారు. వద్దన్నవాళ్లు మళ్లీ ఓటు పెట్టమన్నారు. ఎటైనా సరే, తేల్చి పారేయండి అనేవాళ్లు రోజురోజుకూ పెరిగారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అందులో సగం తప్పు గుమ్మం ముందు నిలబడి అరిచింది.

అపోహ: మూడేళ్లకు పైగా వ్యాపార ఒప్పందం కోసమే కొట్టుకున్నారు.

ఆ మూడేళ్లలో వ్యాపార ఒప్పందం మీద అసలు బేరమే మొదలవలేదు. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవాళ్లలో 51.9 శాతం మంది విడిపోదామన్నారు. 2017 మార్చి 29న ప్రధాని థెరెసా మే ప్రభుత్వం ఆర్టికల్ 50 (ఈయూ నుంచి బయటికి వచ్చే నిబంధన) కింద నోటీసు ఇచ్చింది. ఆ రోజు నుంచి రెండేళ్ల గడువు నడవడం మొదలైంది. మొదట విడిపోయే లెక్కలు తేలాలి, తర్వాతే మిగతాది అని ఈయూ ముందే చెప్పింది. ఈ వరస మీద వేసవంతా పోరాడతామన్న బ్రిటన్ మంత్రి డేవిడ్ డేవిస్, జూన్ 19న మొదటి సమావేశంలోనే దానికి ఒప్పుకున్నారు. ఇక మిగిలినవి మూడు: పౌరుల హక్కులు, బాకీ డబ్బు, ఐర్లండ్ సరిహద్దు. 2018 నవంబరులో వచ్చిన 585 పేజీల ఒప్పందం ఆస్తి పంపకాల దస్తావేజు లాంటిది. ముందు ముందు ఎలా ఉందామన్నదానికి పాతిక పేజీల ప్రకటన ఒకటి జతచేశారు, అంతే. వ్యాపార చర్చలు 2020 మార్చిలో మొదలయ్యాయి. అప్పటికి బ్రిటన్ జనవరి 31నే బయటికి వచ్చేసింది.

అపోహ: బ్రసెల్స్ మొండితనం వల్లే ఆలస్యమైంది.

ఈయూ బేరంలో గట్టిదే, కాదనను. కానీ 2018 నవంబరు 25న 27 దేశాలూ ఒప్పందానికి సరేనన్నాయి. ఆగింది లండన్‌లో. బ్రిటన్ పార్లమెంటులో ఎన్నికైన ఎంపీలుండే కామన్స్ సభ దాన్ని 2019లో మూడుసార్లు తిప్పికొట్టింది: జనవరి 15న 432-202, మార్చి 12న 391-242, మార్చి 29న 344-286. పోనీ మీకేం కావాలో చెప్పండని మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు సభ ముందు పెడితే, ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నలిగిపోయిన థెరెసా, మే 24న రాజీనామా ప్రకటించారు. ఎంపీలకు కావాల్సిందేమిటో ఎంపీలకే తెలియనప్పుడు అవతలి బల్ల దగ్గర కూర్చున్న ఈయూ ప్రధాన సంధానకర్త మిషెల్ బార్నియే మాత్రం ఏం ఇవ్వగలడు?

అపోహ: ఐర్లండ్ సరిహద్దు గొడవ ఈయూ కల్పించిన సాకు.

బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ ఈయూ సభ్యదేశమైన ఐర్లండ్ గణతంత్రానికీ మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు. దాన్ని దాటే దారులు 200కు పైనే. దశాబ్దాల హింస తర్వాత 1998లో శాంతి ఒప్పందం కుదిరింది. తనిఖీ గేట్లు, సైనిక టవర్లు పోయాయి. అక్కడ మళ్లీ గేటు పెడతానని ఏ పార్టీ అనలేకపోయింది.

మా వృత్తిలో మాత్రం రెండు దేశాల సుంకాలు, నిబంధనలు వేరైతే ఎక్కడో ఒకచోట సరుకు ఆపి చూడాల్సిందే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన మాటలు మూడు: ఈయూ కస్టమ్స్ యూనియన్ (లోపల సుంకాలు లేకుండా, బయటి దేశాల సరుకుకు ఒకే సుంకం వేసే కూటమి) నుంచీ సింగిల్ మార్కెట్ (సరుకులకు ఒకే నిబంధనలు ఉండే ఉమ్మడి మార్కెట్) నుంచీ బయటికి వస్తాం, ఐర్లండ్‌లో గేటు ఉండదు, బ్రిటన్ ప్రధాన దీవికీ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య కూడా గేటు ఉండదు. వీటిలో ఏ రెండైనా కుదురుతాయి, మూడూ కుదరవు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా? చివరికి 2019 అక్టోబరులో, మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ మూడో మాటను వదులుకున్నారు. తనిఖీల గీత ఆ రెంటి మధ్య ఉన్న ఐరిష్ సముద్రంలో పడింది. 2023లో ఈయూతో కుదిరిన విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒప్పందంతో ఆ తనిఖీలు కొంత సడలాయి కానీ గీత చెరిగిపోలేదు.

అపోహ: కస్టమ్స్ యూనియన్‌లో ఉండిపోతే లారీలు ఆగేవి కావు.

టర్కీని చూడండి. 1995 చివరి నుంచి ఈయూతో కస్టమ్స్ యూనియన్‌లో ఉంది, అయినా బల్గేరియా సరిహద్దులో లారీలు బారులు తీరుతాయి. నార్వే సంగతి తిరగేసి: సింగిల్ మార్కెట్‌లో ఉంది, కస్టమ్స్ యూనియన్‌లో లేదు, అక్కడా డిక్లరేషన్, అంటే సరుకు వివరాల పత్రం, తప్పదు. 2019 ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడే మూడు ఓట్లతో ఓడింది. అది గెలిచి ఉంటే మా పని తగ్గేది, పోయేది మాత్రం కాదు.

అపోహ: సుంకం సున్నా అన్నారు కదా, ఇక కాగితాలెందుకు?

ఇది మా కస్టమర్ల ప్రశ్న. జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. వ్యాపార ఒప్పందం 2020 డిసెంబరు 24న కుదిరింది, 1,200కు పైగా పేజీలు. అమల్లోకి వచ్చింది జనవరి 1న. క్రిస్మస్ సెలవులు, శని, ఆదివారాలు పోను మాకు మిగిలినవి మూడు పనిదినాలు. నాలుగున్నరేళ్లు సాగిందని జనం తిట్టుకున్నారు. చదువుకోవడానికి మూడు రోజులే ఇచ్చారని నేను తిట్టుకున్నాను.

సున్నా సుంకం అన్ని సరుకులకూ కాదు, బ్రిటన్‌లోనో ఈయూలోనో 'పుట్టిన' సరుకుకే. పెర్సీ పిగ్ అని పంది మొహం ఆకారంలో జెల్లీ మిఠాయి ఒకటి ఉంది. తయారీ జర్మనీలో. బ్రిటన్‌కు వచ్చి, అక్కణ్నుంచి ఐర్లండ్ దుకాణానికి వెళితే సుంకం పడొచ్చని 2021 జనవరిలో తేలింది. ఈయూలో తయారై ఈయూకే తిరిగి వెళ్తున్నా, దారిలో బ్రిటన్ తగిలింది మరి. ఇక మాంసం, జున్ను ఈయూకు పంపాలంటే పశువైద్యుడి సంతకంతో సర్టిఫికెట్ కావాలి. లండన్ నుంచి కారులో పారిస్ వెళ్లే మనవాళ్లకో మాట: కోడి పచ్చడి డబ్బా ఇంట్లోనే పెట్టి వెళ్లండి. మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకెళ్లనివ్వరు.

అపోహ: ఈయూ వల్లే మనవాళ్లకు వీసాలు తగ్గాయి.

భారతీయులకు వీసా ఎన్ని ఇవ్వాలన్నది ఎప్పుడూ లండన్ చేతిలోనే ఉంది. చదువయ్యాక పనిచేసుకునే వీసాను 2012లో మూసిందీ, 2021లో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో తెరిచిందీ బ్రిటన్ ప్రభుత్వమే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కామన్వెల్త్ పౌరులు కాబట్టి ఇక్కడ నివసించే భారతీయులకు 2016 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు ఉండింది. ఇక్కడే ఉంటున్న ఫ్రెంచివాళ్లకు లేదు.

అపోహ: ఇప్పుడు అన్నీ అయిపోయాయి.

ఈయూ నుంచి వచ్చే ఆహారం మీద పూర్తి తనిఖీలను బ్రిటన్ వాయిదా మీద వాయిదా వేసి, 2024 ఏప్రిల్ 30న గానీ సరుకు విప్పి చూడటం మొదలుపెట్టలేదు. ఏడాది దాటిందో లేదో, 2025 మే 19న లండన్ శిఖరాగ్ర సమావేశంలో, ఆ తనిఖీలు చాలావరకు అక్కర్లేకుండా చేసే ఒప్పందం కోసం చర్చిద్దామని రెండు పక్షాలూ అనుకున్నాయి. బాబాయ్‌కి ఈ మాట చెబితే ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే మళ్లీ లోపలికి వస్తున్నారా?" అన్నాడు.

లేదు బాబాయ్. గుమ్మం దగ్గర చెప్పులెక్కడ విడవాలో మాట్లాడుకుంటున్నారు.