బార్నార్డ్ నక్షత్రం: రెండుసార్లు చేజారి, మూడోసారి దొరికిన గ్రహాలు

బార్నార్డ్ నక్షత్రానికి గ్రహాలున్నాయన్న మాట గతంలో రెండుసార్లు వినబడింది. రెండుసార్లూ నిలవలేదు. 2024-25లో వచ్చిన మూడో ప్రకటన ఎందుకు నిలబడిందో అర్థం కావాలంటే ముందు ఆ రెండు పొరపాట్లు ఎలా జరిగాయో చూడాలి.

ఆల్ఫా సెంటారీ కుటుంబంలోని మూడు నక్షత్రాల తర్వాత సూర్యుడికి అతి దగ్గరిది ఇదే. దూరం 5.96 కాంతి సంవత్సరాలు. సూర్యుడి ద్రవ్యరాశిలో 16 శాతమే ఉన్న అరుణ మరుగుజ్జు (చిన్న, మసక, ఎర్రటి నక్షత్రం) కాబట్టి ఇంత దగ్గరున్నా కంటికి కనబడదు. పాత, కొత్త ఫొటో ప్లేట్లను పోల్చి చూసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్, అది ఆకాశంలో ఏటా 10.3 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతోందని 1916లో గుర్తించాడు. ఆ లెక్కన 180 ఏళ్లలో చందమామ వెడల్పంత దూరం పోతుంది.

గ్రహం లాగితే నక్షత్రం ఊగుతుంది. నక్షత్రం ఎంత తేలికైతే ఊగు అంత ఎక్కువ. అందుకే ఖగోళ శాస్త్రజ్ఞుడు పీటర్ వాన్ డి కాంప్ దీన్ని ఎంచుకున్నాడు. పెన్సిల్వేనియాలోని స్ప్రౌల్ అబ్జర్వేటరీలో 24 అంగుళాల వక్రీభవన దూరదర్శినితో 1938 నుంచి ఫొటోలు తీయించి, 24 ఏళ్లకోసారి చుట్టొచ్చే, గురుగ్రహం కన్నా బరువైన గ్రహం ఉందని 1963లో ప్రకటించాడు. 1969కల్లా ఒకటి కాస్తా రెండయ్యాయి. ఆధారంగా చూపిన ఊగు మాత్రం ప్లేటు మీద మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

1973లో రెండు దెబ్బలు తగిలాయి. జార్జ్ గేట్‌వుడ్, హైన్రిక్ ఐకార్న్ వేరే అబ్జర్వేటరీల ప్లేట్లు కొలిస్తే ఊగు కనబడలేదు. స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ అక్కడి ప్లేట్లలో ఇతర నక్షత్రాలను కొలిస్తే, అవీ అదే తీరులో, అవే సంవత్సరాల్లో జరిగినట్టు తేలింది. 1949లో కటకం బిగించే చట్రం మార్చారు. 1957లో కటకాన్ని మళ్లీ సరిచేశారు. గ్రహం పని అనుకున్నది దూరదర్శిని మరమ్మతు పని. సొంత అబ్జర్వేటరీ కొలతల మీదే అనుమానం పెట్టి పరీక్షించిన హెర్షీకి ఈ కథలో దక్కాల్సినంత పేరు దక్కలేదు.

తర్వాత పద్ధతి మారింది. నక్షత్రం మనవైపు, వెనక్కి కదిలే వేగాన్ని వర్ణపట రేఖల (కాంతిని రంగులుగా విడదీస్తే కనబడే గీతల) జరుగుబాటుతో కొలవసాగారు. 20 ఏళ్ల కొలతలు కలిపి, 233 రోజుల కక్ష్యలో కనీసం 3.2 భూముల బరువున్న గ్రహం ఉందని 2018లో చెప్పారు. ఈసారి తప్పుదారి పట్టించింది నక్షత్రమే. అది తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 145 రోజులు పడుతుంది. ఉపరితలపు మచ్చలు రేఖల ఆకారాన్ని మార్చి కదలికలా భ్రమింపజేస్తాయి. పైగా ఏటా కొన్ని నెలలు ఈ నక్షత్రం సూర్యుడి వైపే ఉంటుంది కాబట్టి కొలతలకు ఏడాదికోసారి ఖాళీ పడుతుంది. ఈ రెండు లయలు కలిస్తే లేని మూడో లయ కనబడుతుంది: 1/145లోంచి 1/365 తీసేస్తే దాదాపు 1/240, అంటే 240 రోజుల లయ వస్తుంది. 233 రోజుల లయ ఇలా పుట్టిన నీడేనని 2021లో తేల్చారు.

2024 అక్టోబరులో చిలీలోని వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) దూరదర్శినికి అమర్చిన ఎస్ప్రెసో పరికరం 3.15 రోజుల గ్రహాన్ని పట్టింది. మరో మూడింటి జాడలు చూపింది. అసలు పరీక్షను ఈ ప్రకటన 2025 మార్చిలో నెగ్గింది. అరుణ మరుగుజ్జుల కోసమే షికాగో విశ్వవిద్యాలయం తయారుచేసిన మారూన్-ఎక్స్ పరికరంతో, హవాయిలోని జెమినీ నార్త్ దూరదర్శిని నుంచి 112 రాత్రులు చూశారు. వేరే దూరదర్శిని, వేరే పరికరం, మరింత ఎర్రటి కాంతి. అయినా మూడు గ్రహాలు మళ్లీ కనబడ్డాయి; రెండు పరికరాల కొలతలు కలిపితే నాలుగోదీ రూఢి అయింది. మచ్చల ప్రభావం కాంతి రంగును బట్టి మారుతుంది, గ్రహం లాగే లాగుడు మారదు. ఒక పరికరం లోపం మరోదానిలో కనబడదు. స్ప్రౌల్‌కు లేనిదీ ఈ రెండో సాక్ష్యమే.

నాలుగింటి కక్ష్యాకాలాలు 2.34, 3.15, 4.12, 6.74 రోజులు. అన్నింటికన్నా తేలికైనది భూమిలో 0.19 వంతు; అది నక్షత్రాన్ని కదిపే వేగం సెకనుకు 22 సెంటీమీటర్లు, పసిపాప పాకే వేగమంత. ఇవి నక్షత్రానికి అడ్డంగా దాటిపోతున్నట్టు కనబడలేదు కాబట్టి, అడ్డుపడిన కాంతిని బట్టి లెక్కగట్టే వ్యాసాలు తెలియవు; కక్ష్య వంపు తెలియదు కాబట్టి చెప్పిన బరువులు కూడా కనీస బరువులే. నీరు ద్రవంగా నిలవాలంటే కక్ష్య 10 నుంచి 42 రోజులుండాలి. ఈ నాలుగూ అంతకన్నా లోపలే, మాడిపోయేంత వేడిలో తిరుగుతున్నాయి. ఆ మేలిమి ప్రాంతంలో భూమి బరువులో 0.57 వంతుకు మించిన గ్రహం ఉండే అవకాశాన్ని ఈ కొలతలు దాదాపుగా కొట్టిపారేశాయి. అంతకన్నా చిన్నది ఉంటే మాత్రం ఇంకా వెతకాల్సిందే.