పీట కాస్త ఎత్తు చేస్తే నడుము నిలుస్తుంది

ధ్యానానికి కూర్చున్న కాసేపటికే వీపు వంగిపోతుంటే చాలామంది తమకు నిగ్రహం లేదని బాధపడతారు. ఛాతీ ముందుకు తోసి, భుజాలు వెనక్కి లాగి మళ్లీ నిటారుగా అవుతారు. వెన్ను కండరాలు కొంతసేపు ఓర్చుకుని, అలిసిపోయి వదిలేస్తాయి. ఇందులో నిగ్రహం తప్పేమీ లేదు. చూడాల్సింది నడుము కింద ఉన్న కటి ఎముకలను.

వెన్నెముక అడుగు భాగం కటికి బిగిసి ఉంటుంది. కాబట్టి కటి ఎటు వాలితే నడుమూ అటే పోతుంది. కటిని నీళ్లు పోసిన గిన్నె అనుకోండి. నిలబడినప్పుడు ఆ గిన్నె కొద్దిగా ముందుకు వాలి, నడుము దగ్గర సహజమైన వంపు ఉంటుంది. నేల మీద మఠం వేసుకోగానే పిరుదుల్లో, తొడల వెనక కండరాలు బిగిసి గిన్నెను వెనక్కి ఒంపుతాయి. నడుము వంపు పోతుంది, వీపు గూనవుతుంది, తల ముందుకొస్తుంది. సుమారు 5 కిలోల తల అలా వేలాడితే ఆ భారమంతా మెడ కండరాలదే. తుంటి దగ్గర తొడ మడిచేకొద్దీ నడుము వంపు తగ్గుతుందని అమెరికా వైద్యుడు కీగన్ 1953లోనే ఎక్స్‌రేలతో చూపించాడు.

అందుకని ముందు ఆసనం ఎత్తు పెంచాలి. మోకాళ్లు తుంటికంటే కిందికి దిగి నేలకు ఆనేదాకా దుప్పట్లు మడిచి వేసుకుని, వాటి ముందు అంచున కూర్చోవాలి. మెత్తటి పరుపు పనికిరాదు, కుంగిపోతుంది. జపాన్ జెన్ బౌద్ధ మఠాల్లో బూరుగు దూది కూరిన గట్టి గుండ్రటి దిండు వాడేది ఇందుకే. మన భగవద్గీత ఆరో అధ్యాయం కూడా దర్భ, జింక చర్మం, వస్త్రం పరిచిన ఆసనం మరీ ఎత్తుగానో మరీ పల్లంగానో ఉండకూడదంటుంది.

పద్మాసనం అందరికీ రాదు, రావాలని పట్టుబట్టడం ప్రమాదం కూడా. అందులో తొడ తుంటి కీలు దగ్గర బాగా బయటికి తిరగాలి. ఆ కీలు గుంట ఏ దిక్కుకు ఉంది, తొడ ఎముక మెడ ఏ కోణంలో ఉంది అన్నవి మనిషికీ మనిషికీ మారతాయి. ఎముక అడ్డొచ్చిన చోట ఎన్నేళ్ల సాధనా దాన్ని తొలగించలేదు. తుంటి తిరగకపోయినా పాదాన్ని లాగి పైకి పెడితే ఆ మెలి మోకాలి మీద పడి, లోపలి మృదులాస్థి నలుగుతుంది. మోకాలి లోపల నొప్పి మొదలైతే వెంటనే కాలు విప్పేయండి, దయచేసి ఓర్చుకోకండి.

తిమ్మిరి సంగతి వేరు. మోకాలి కింద బయటివైపు ఒక నరం ఎముకను ఆనుకుని చర్మానికి దగ్గరగా పోతుంది. దాని మీద ఒత్తిడి పడితే పాదం మొద్దుబారుతుంది, కాలు చాపగానే సూదులు గుచ్చినట్టవుతుంది. మామూలుగా అది నిమిషాల్లో పోతుంది. పోకపోయినా, పాదం పైకి లేవకపోయినా వైద్యుడికి చూపించాలి.

మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీకి మొహమాటపడనక్కర్లేదు. యోగసూత్రాల్లో ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడే తప్ప పతంజలి ఏ భంగిమనూ పేరు పెట్టి చెప్పలేదు. ఆ సూత్రానికి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం ఇచ్చిన ఆసనాల జాబితాలో పద్మాసనంతో పాటు సోపాశ్రయం, అంటే ఆసరాతో కూర్చోవడమూ ఉంది. కుర్చీలో అయితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటికంటే పైకి లేవకూడదు. పాదాలు అందకపోతే కింద ఒక పీట వేసుకుంటే చాలు.