ఫోన్ దొరికితే టీసీ: బడిలో రూల్స్ మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో 12 ఏళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఏ పేరెంట్స్ మీటింగు పెట్టినా వినిపించేది ఒకటే మాట: "మాస్టారూ, ఫోన్ దొరికితే టీసీ ఇచ్చేయండి, పీడా పోతుంది!"

అపోహ: రూల్ ఎంత గట్టిగా ఉంటే పిల్లలు అంత క్షేమం.

వాస్తవం: గట్టి రూలుకి పిల్లలు నేర్చుకునేది దాచడం. తొమ్మిదో తరగతి పాప ఒకతె, ఎవడో తన ఫొటో మార్ఫింగ్ చేసి డబ్బులడుగుతుంటే మూడు వారాలు నోరు విప్పలేదు. రూల్స్ కాగితంలో "ఫోన్ వాడితే టీసీ" అని ఉందట. వాడింది ఇంట్లో, వాళ్లమ్మ ఫోన్! ఆ రూలు తనకి వర్తించదని చెప్పేవాళ్లు లేరు. కాగితం ఒడియా, ఇంగ్లీషుల్లో ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగే వాళ్లమ్మ చూపించినచోట సంతకం పెట్టేసింది.

నాకు తెలిసేసరికి పాప బాబాయి చాట్ డిలీట్ చేసి, అకౌంట్ తీసేసి, సిమ్ విరిచేశాడు. "పరువు పోకుండా చూశాను మాస్టారూ" అన్నాడు. ఆయన్ని తిట్టలేం, భయం అలాంటిది. కానీ పోయింది ఆధారమే. నంబరు, తేదీ కనిపించేలా మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, అకౌంట్ లింకు, డబ్బులడిగిన యూపీఐ ఐడీ... ముందు ఇవి భద్రం చేసుకోవాలి, తర్వాతే బ్లాక్ చేయాలి. ఆ ఫొటోని మాత్రం ఎవరికీ పంపకండి, నాకు కూడా. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడం ఐటీ చట్టం 67బీ కింద నేరం. ఇక పరువంటారా, లైంగిక వేధింపుల కేసులో పిల్లల పేరు, ఫొటో మీడియాలో బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టమే చెబుతోంది. తెలిసీ ఫిర్యాదు చేయని స్కూలు పెద్దలకు శిక్ష కూడా ఉంది.

ఆ తర్వాత మా రూల్స్ మార్చాం. కాగితం తెలుగులోనూ ఇస్తున్నాం. మొదటి లైను: "జరిగింది వచ్చి చెప్పినవాళ్లకు శిక్ష ఉండదు." ఫోన్ తెస్తే ఉదయం ఆఫీసులో ఇచ్చి, సాయంత్రం తీసుకోవాలి. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా పూర్తి నిషేధం పనికిరాదని, వీలైన చోట ఇలా డిపాజిట్ చేయించుకోమని చెప్పింది.

అపోహ: అవతలివాడిది ఆంధ్రా సిమ్ కాబట్టి సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లే కేసు పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. నేరం తమ పరిధిలోది కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోనే ఉంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మిగతావి గబగబా. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (హిస్టరీ మిగలని విండో) పెడితే స్కూలు నెట్‌వర్క్‌కి ఏమీ కనపడదనుకోవడం భ్రమ. ల్యాబ్‌లో ఫిల్టర్ ఉంది కదా అంటారు, జేబులో డేటా ప్యాక్‌కి ఆ ఫిల్టర్ ఏం చేస్తుంది? వాట్సాప్‌లో తిరిగే "కొత్త సర్కులర్లు" నాకు ఫార్వర్డ్ చేయకండి బాబూ, దణ్ణం పెడతాను.

పాప ఇప్పుడు బాగానే చదువుకుంటోంది. బాబాయి మాత్రం బజార్లో కనిపించినప్పుడల్లా అడుగుతాడు, ఆ సిమ్ మళ్లీ తీయించొచ్చా అని. తీయించొచ్చు. డిలీట్ చేసిన చాట్ దాంతో తిరిగి రాదు.