చేటతో విసిరితే ఒకటి, పోస్టుకార్డుతో విసిరితే ఒకటి

“మామయ్యా, పాట ఒకటే, ఫైలూ ఒకటే. ఫోనులో పలచగా ఉన్నది ఈ పెట్టెల్లో ఇంత నిండుగా ఎందుకుంది? నా భ్రమా?” అని సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అడిగాడు.

పెట్టెలంటే 1979లో మా పెదనాన్నగారు కువైట్ నుంచి తెచ్చిన స్టీరియో. ఒక ఆంప్లిఫయర్, నడుమెత్తు స్పీకర్లు రెండు. వాడు తన ఫోనుకు తీగ తగిలించి దాని వెనక గుచ్చాడు. తెలియకుండానే మంచి ప్రయోగం చేశాడు. పాత యంత్రాల మీద మోజున్నవారు మొదట ఎత్తేది గ్రామఫోను రికార్డు మహిమ, సూది మహిమ. ఇక్కడ రికార్డూ లేదు, సూదీ లేదు. పైగా కొలిచి చూస్తే 1982లో వచ్చిన సీడీయే రికార్డును చిత్తుగా ఓడిస్తుంది. మరి ఆ నిండుదనం ఎక్కడిది?

ఒక స్పీకరు ముందు గుడ్డ తీసి, వెనక తీగలు విప్పి, గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని వాటికి క్షణం పాటు తాకించమన్నాను. ‘టప్’ మంది. పన్నెండు అంగుళాల నల్ల కాగితపు కోన్ మొత్తం ముందుకు జరిగింది. జరిగింది ఒక మిల్లీమీటరో, ఇంకాస్తో. వాడు చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ తాకించాడు. అరచేతికి గాలి తగిలింది. స్పీకరు గాలిని నెట్టే యంత్రమన్న సంగతి మూడేళ్ళ ఇంజనీరింగులో వాడికి ఎవరూ చూపించలేదు. సమీకరణం మాత్రం రాయించారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంచు పోగా ఆ కోన్ వెడల్పు దాదాపు 25 సెంటీమీటర్లు. అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకర్లో అది నాలుగు సెంటీమీటర్లు. వైశాల్యంలో తేడా దాదాపు 40 రెట్లు. పెద్దది ఒక మిల్లీమీటరు కదిలి నెట్టేసే గాలిని నెట్టాలంటే చిన్నది నాలుగు సెంటీమీటర్లు, అంటే తన వెడల్పంత, ముందుకు దూకాలి. కొన్ని మిల్లీమీటర్లు దాటితే అది చిరిగి ఊరుకుంటుంది. అసలు చిక్కు దీని తరువాత ఉంది: స్వరం ఒక స్థాయి కిందికి దిగిన (అంటే పౌనఃపున్యం సగమైన) ప్రతిసారీ, అంతే గట్టిగా వినిపించడానికి కదలిక నాలుగు రెట్లు కావాలి. 160 హెర్ట్జ్ నుంచి 40 హెర్ట్జ్‌కు దిగితే పదహారు రెట్లు.

చేటతో విసరడం, పోస్టుకార్డుతో విసరడం ఊహించుకోండి. పోస్టుకార్డును చకచకా ఆడిస్తే కాస్త గాలి వస్తుంది. నెమ్మదిగా ఊపితే గాలి దాని అంచుల పక్కనుంచి జారుకుని వెనక్కి పోతుంది, ముఖానికేమీ తగలదు. తక్కువ పౌనఃపున్యమంటే నెమ్మదిగా ఊపడమే. చేటకు ఆ బెడద తక్కువ. స్పీకరును పెట్టెలో బిగించేది కూడా ఇందుకే: ముందుకు నెట్టిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక పల్చబడిన చోటును పూడ్చేయకుండా.

అప్పట్లో అంత పెద్ద చేటలు ఎందుకు చేశారు? విసిరే చెయ్యి బలహీనం గనక. ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు వాల్వుల ఆంప్లిఫయర్లలో చాలావాటి శక్తి పది, ఇరవై వాట్లు. ఉన్న కాస్త శక్తితో గది నింపాలంటే పెట్టె పెద్దదే కావాలి. దీనికి హాఫ్‌మన్ ఉక్కు సూత్రమని పేరుంది. ఈ హాఫ్‌మన్ అమెరికాలో స్పీకర్లు చేసిన ఇంజనీరు. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ విద్యుత్తు: ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి. విద్యుత్తు ఖర్చు పెంచకుండా ఒక స్థాయి కిందికి దిగాలంటే పెట్టె ఎనిమిది రెట్లు పెరగాలి! 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చుర్ పెట్టెను గట్టిగా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడి దాన్ని చిన్నది చేశాడు. బదులుగా వాట్లు ఎక్కువ అడిగాడు. తరువాత ట్రాన్సిస్టర్లతో వాట్లు చవకయ్యాయి. 1976 నాటి పయొనీర్ ఎస్ఎక్స్-1250 ఒక్కో వైపు 160 వాట్లు ఇచ్చేది. ఈనాడు చెయ్యికి బలం బాగానే ఉంది, అందులో ఉన్నది పోస్టుకార్డు.

మరి ఆ చిన్న డబ్బాలో మృదంగం వినిపిస్తూనే ఉందే అంటారేమో. అది మెదడు చేసే కనికట్టు. పాత ల్యాండ్‌లైన్ 300 హెర్ట్జ్ కింద ఏమీ మోసేది కాదు. మగవారి గొంతు మూలస్వరం 100 దగ్గర ఉంటుంది. అయినా తండ్రి గొంతు బొంగురుగానే వినిపించేది. 300, 400, 500 అని అనుస్వరాలు (మూలస్వరానికి సరిగ్గా మూడు, నాలుగు, అయిదు రెట్లుండే హార్మోనిక్స్) వరసగా తగిలితే, వీటి ఇంటిపేరు వంద అని మెదడు తేల్చేస్తుంది. లేని స్వరాన్ని వింటుంది. నేటి చిన్న స్పీకర్లలో కొన్ని ఈ బలహీనతను పసిగట్టి అనుస్వరాలను కావాలని కలుపుతాయి. మృదంగం కుడి మూత ఈ ఆటకు బాగా లొంగుతుంది. మామూలు డోలు తోలులో అనుస్వరాలు ఇలా వరసగా కుదరవు, నల్ల ముద్ద పూసిన మూతలో కుదురుతాయని సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో రాశాడు. ఎడమ మూత సంగతి వేరు. తడిపిన రవ్వ ముద్ద అంటించిన ఆ మూత ‘ధోం’ అన్నప్పుడు చెవిని మోసగించవచ్చు గానీ రొమ్మునూ కూర్చున్న కుర్చీనీ మోసగించలేం. వాటికి అసలు గాలి ఒత్తిడే తగలాలి.

ఇక మిగతా మహిమల జోలికి నేను పోను. సీడీ అంచుకు ఆకుపచ్చ ఇంకు పూస్తే పాట బాగుపడుతుందని నమ్మినవారు ఉండేవారు. దాన్ని దిష్టి బొట్టు లెక్కలో వేసుకోవాలి. నేడు తయారయ్యే మంచి పెద్ద స్పీకర్లు మావాటిని కొలతల్లో తేలిగ్గా ఓడిస్తాయి. మావాటి కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు తీరప్రాంతపు తేమకు పాడై, పాత బెల్లంలా వేళ్ళకు అంటుకుంటే నిరుడే మార్పించాను.

తీగలు మళ్ళీ బిగించి, లౌడ్‌నెస్ మీట నొక్కాం. సన్నగా పెట్టినప్పుడు చెవి మంద్రాన్ని ముందు వదిలేస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. ఆ లోటు పూడ్చేది ఈ మీట. పాట మొదలైంది. ఒక్క స్వరం దగ్గర మాత్రం ప్రతిసారీ వంటింట్లోంచి సన్నగా గలగల. స్టీలు పళ్ళెం ఏదో సరిగ్గా ఆ పౌనఃపున్యానికి పలుకుతోంది. మేనల్లుడు లేచి స్టాండులోని పళ్ళేలను ఒక్కొక్కటే వేలితో నొక్కి చూస్తూ పోయాడు. అది ఏదో కనిపెట్టి, కింద మడత గుడ్డ పెట్టేసరికి పాట అయిపోయింది.