నువ్వుల నూనె కల్తీ: చెన్నై తెలుగు ఇళ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఆవకాయ రోజులు వచ్చాయంటే చెన్నైలోని తెలుగు ఇళ్లలో నువ్వుల నూనె నాణ్యత గురించి చర్చ మొదలవుతుంది. నూనెల విశ్లేషణ వృత్తిలో ఉన్న నేను ఆ చర్చల్లో తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: చెక్కు నూనెకు (గానుగ నూనెకు) కమ్మని వాసన ఉంటే అది స్వచ్ఛమైనదే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే నమ్మకం ఇదే. బెల్లం వేసి ఆడించిన నువ్వుల నూనె పరిమళం ఎంత గాఢమంటే, వాసన తొలగించిన రిఫైన్డ్ పామోలిన్‌ను అందులో కలిపినా ముక్కు పసిగట్టలేదు. ప్రయోగశాలలో బౌడొయిన్ పరీక్ష అనే పాత పద్ధతి ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ చేర్చి కుదిపితే నువ్వుల నూనె ఉన్నచోట ఎరుపు రంగు వస్తుంది. అయితే ఆ ఎరుపు నువ్వుల నూనె ఉందని చెబుతుందే గాని, మరేదీ కలవలేదని చెప్పదు. నేతిలో వనస్పతి కలిపితే ఇదే పరీక్షతో పట్టుకోవాలని వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె ఉండాలన్న నిబంధన పెట్టారంటే, ఎంత కొద్దిపాటికి రంగు వస్తుందో ఊహించవచ్చు. అందువల్ల గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొవ్వు ఆమ్లాల వాటాలను కొలుస్తాము. పామిటిక్ ఆమ్లం నువ్వుల నూనెలో సుమారు 10 శాతం, పామోలిన్‌లో 40 శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, కల్తీ పెరిగేకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది.

అపోహ: ఫ్రిజ్‌లో గడ్డకడితే కల్తీ నూనె.

వాస్తవం: స్వచ్ఛమైన వేరుశనగ నూనె కూడా చల్లదనానికి చిక్కబడుతుంది.

అపోహ: రెండు నూనెలు కలిపి అమ్మడమే నేరం.

వాస్తవం: ఒక్కొక్కటి కనీసం 20 శాతం ఉండేలా రెండు వంటనూనెలను కలిపి, వాటి శాతాలను లేబుల్‌పై ప్రకటించి, సీలు వేసిన ప్యాకెట్‌లో అమ్మడాన్ని చట్టం అనుమతిస్తుంది. ముందువైపు నువ్వుల బొమ్మ వేసి, అసలు వివరాన్ని వెనుక చిన్న అక్షరాల్లో దాచడం మాత్రం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే. దీపారాధన నూనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తినకూడదని తెలిపే నల్లని ఇంటూ గుర్తు, చతురస్రంలో, ఆ ప్యాకెట్‌పై ఉండాలి.

అపోహ: తెలిసిన దుకాణంలో విడిగా కొన్న నూనెకు భయం లేదు.

వాస్తవం: 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసినందువల్ల 60 మందికి పైగా మరణించారు. విడి నూనెకు బ్యాచ్ నంబరు ఉండదు కాబట్టి, తేడా వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం చాలా కష్టం.

అనుమానం ఉన్నవారు 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, రుసుము చెల్లించి ఫుడ్ అనలిస్టు చేత నమూనాను పరీక్షింపజేసుకోవచ్చు. కాకపోతే పరీక్షకు పంపబోతున్నామన్న సంగతిని కొనేటప్పుడే దుకాణదారుకు తెలియజేయాలి.